మొప్ప ఎత్తి చూడటం

ఆ రాత్రి పదకొండున్నరకి
నా ఫోన్లోకి సముద్రం వచ్చింది.

ఎవరిదో గొంతు, ఆఫీసరు గొంతులాంటి గొంతు:
"రెండింటికి కెరటం లేస్తుంది, భీమిలి నుంచి గంగవరం దాకా
రోడ్డు దాటి వస్తుంది, మీవాళ్లందరికీ పంపండి."
కింద ఒక ఫొటో. వీధిలో మేడ ఎత్తున నీళ్లు.

పంపాను.
పందొమ్మిదేళ్లుగా ఎనిమిదో తరగతికి సాంఘికం చెబుతున్నవాణ్ణి,
అల ఎందుకు లేస్తుందో బొమ్మ గీయించి
మార్కులు వేసేవాణ్ణి,
కళ్లజోడైనా పెట్టుకోకుండా మూడు గ్రూపులకి పంపాను.
మంచిపని చేశానని గ్లాసుడు నీళ్లు తాగి కూచున్నాను.

పెదజాలారిపేట లేచింది.
చంకల్లో పిల్లలు, గంపలో కోళ్లు,
కుట్టుమిషను నెత్తినెత్తుకుని ఒకామె,
కైలాసగిరి మెట్ల మీద చీకట్లో చెప్పుల చప్పుడు.
ఎల్లాజీ తాత ముప్పయ్యో మెట్టు దగ్గర జారాడు.
ఎముక విరిగిన చప్పుడు
పక్కవాళ్లు ఎండుకొమ్మ అనుకున్నారట.

రెండయింది. మూడయింది.
సముద్రం రోజూ వచ్చే చోటిదాకా వచ్చి
రోజూలాగే వెనక్కి పోయింది.

పేటలో ఒక్క ఇల్లే నిద్రపోయింది.
గనగళ్ల నూకరత్నం ఇల్లు.

తెల్లారి హార్బర్లో అడిగాను, "నీకు మెసేజి రాలేదా?"
వంజరం తోక పట్టుకుని నవ్వింది.
"వచ్చినాది బాబూ. మా పాప ఆ ఫొటోని ఇలగ పెద్దది సేసి సూసింది.
కొట్టు మీద బోర్డుంది. ఆ అచ్చరాలు మనయి కావు, ఇంగిలీసూ కాదు.
ఇది మనూరు కాదే అమ్మా అంది.
ఆ మాటాడినోడు పేరు సెప్పనేదు, ఏ ఆపీసో సెప్పనేదు.
ఇక్కడున్న మా మరిదికి ఫోన్ సేసి
పోర్టోళ్లు ఏటైనా సెప్పినారేటి, నీరు యెనక్కి లాగిందేటి అనడిగినాను.
నేదన్నాడు.
లాగిందంటే మీకన్నా ముందు కొండెక్కేసుందును."

కత్తి కడిగింది. తల ఎత్తకుండానే అంది:
"నా కాడ కొన్నపుడల్లా మొప్ప ఎత్తి సూస్తారు,
ఎర్రగుందా నేదా అని. ఏలితో నొక్కి సూస్తారు.
ఇరవయ్యేళ్ల బేరం, అయినా నా మాట నమ్మరు. నాను ఏటీ అనుకోను.
మరి ఆ ఫోన్లోది ఎవులు పట్టినారో, ఎపుడు పట్టినారో అడక్కుండా
ఊరందరికీ వడ్డించీసినారేటి?"

ఆవేళ క్లాసులో పుస్తకం తెరవలేదు.
పంపింది నేనని చెప్పాను.
ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరూ నవ్వలేదు.
నూకరత్నం కూతురు హేమశ్రీ చెయ్యెత్తింది:
"సార్, నలభై రెండో పేజీలో మన ఊరి గురించి ఉంది కదా,
అది ఎవరు చూసి రాశారు?"
ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.
నేనూ ఎవర్నీ అడగలేదు.
నిన్నటి దాకా అయితే, కూచో, అది పరీక్షకి రాదు, అనేవాణ్ణి.
"తెలీదమ్మా" అన్నాను.
ఆ మాట నోట్లో కొత్తగా ఉంది,
మొదటిసారి ఉప్పునీళ్లు మింగినట్టు.

లైబ్రరీ బీరువా తాళంచెవి హెడ్మాస్టరుగారి సొరుగులో,
సొరుగు తాళంచెవి బదిలీ అయిపోయిన హెడ్మాస్టరుగారితో.
అటెండరు సన్యాసిరావు సుత్తి తెచ్చాడు.
చెదలు వదిలేసిన రెండు పుస్తకాల్లో
కొండ మీది దీపస్తంభానికి రెండు పుట్టిన సంవత్సరాలు.
ఏది నిజమని పిల్లలు కొట్టుకున్నంత పని చేశారు.
ఇంటిగంట కొట్టినా కదల్లేదు.
చివరికి దీపస్తంభం ఆఫీసుకే ఉత్తరం రాశాం,
ముప్పై నాలుగు సంతకాలతో.
జవాబు ఇంకా రాలేదు. రాకపోతే మళ్లీ రాస్తామంటున్నారు.

ఎల్లాజీ తాత ఇప్పుడు కర్రతో నడుస్తాడు.
కనబడ్డప్పుడల్లా ఆపి అడుగుతాడు:
"ఆ రేత్రి కెరటం ఎంతదాకా వచ్చింది మాష్టారూ?"

నా మంచం మీంచి బయల్దేరి
నీ తుంటిదాకా వచ్చింది తాతా, అనాలి.
పిల్లలకి చెప్పగలిగిన ముక్కే.
ఇంకా అనలేదు.